ఒట్టు వేయించుకుంటే సరిపోదు

చావాలనిపిస్తోందని ఇంట్లో ఎవరైనా నోరు విప్పగానే మనం చేసే మొదటి పని ఒట్టు వేయించుకోవడం. "నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలాంటి ఆలోచన పెట్టుకోనని చెప్పు" అంటాం. అవతలి మనిషి ఏడుస్తూ తల మీద చెయ్యి వేస్తాడు. మన మనసు కుదుటపడుతుంది. కానీ ఆ ఆలోచన మళ్లీ వచ్చిన రోజు అతను ఎవరికి చెప్పుకోవాలి? చెబితే ఒట్టు తప్పినట్టే కదా.

ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇలాంటి హామీలు రాయించుకునేవారు. వాటివల్ల ప్రాణాలు నిలుస్తాయనడానికి ఆధారం దొరకలేదు. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగొరీ బ్రౌన్ అనే మనస్తత్వ నిపుణులు వేరే దారి పట్టారు. 'చేయను' అని మాట తీసుకునే బదులు, 'అనిపించినప్పుడు ఏం చేస్తాను' అన్నది ముందే రాసిపెట్టించారు. దాన్నే సేఫ్టీ ప్లాన్ అంటున్నాం. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, చావు ఆలోచనలతో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లతో ఈ ప్లాన్ రాయించి, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉన్నారు. ఆరు నెలల్లో వాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి మామూలు చికిత్స పొందినవాళ్లకంటే దాదాపు 45 శాతం తక్కువని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

మా పిన్ని కొడుకు కౌన్సెలర్ దగ్గర రాసుకున్న ప్లాన్ నేను చూశాను. నోట్‌బుక్‌లోంచి చింపిన ఒక్క పేజీ. పైన ముందస్తు గుర్తులు, వాడి మాటల్లోనే: "అన్నం సహించదు. ఫోన్ బోర్లా పెట్టేస్తాను. నా వల్లే అందరికీ కష్టం అనిపిస్తుంది." దాని కింద ఒంటరిగా చేయగలిగినవి: స్నానం, బండి కడగడం. తర్వాత, ఏమీ చెప్పకుండా ఊరికే వెళ్లి కూర్చోగలిగే చోటు: వీధి చివర కిరాణా కొట్టు. ఆ తర్వాత, నోరు విప్పి చెప్పుకోగలిగే మనిషి. అక్కడ ముందు 'అమ్మ' అని రాసి కొట్టేశాడు. పక్కన 'బావ' అని ఉంది.

పిన్ని చాలా రోజులు బాధపడింది. కానీ ఆ కొట్టివేతే ఆ కాగితానికి ప్రాణం. పెద్దవాళ్లం చెప్పి రాయిస్తే అది మళ్లీ ఒట్టే అవుతుంది. చావాలన్న తపన అలలా వచ్చి పోతుంది. అది వచ్చినప్పుడు బుర్ర పనిచేయదు. ఆ గంట గడవడానికి తన చేతిరాతలో ఉన్న మాటలే పనికొస్తాయి. 'చావాలనిపిస్తోందా?' అని సూటిగా అడగడానికి కూడా భయపడొద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

పేజీ చివర్లో డాక్టర్ నంబర్, దాంతోపాటు 14416. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 112కి ఫోన్ చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ప్లాన్‌లో ఇంటివాళ్ల వంతు ఒకటుంది. హాని చేసుకోవడానికి పనికొచ్చేవి అందుబాటులో లేకుండా చేయడం. మన పల్లెల్లో పురుగుమందు డబ్బాలు పశువుల కొట్టంలోనో, ఇంటి మూలనో ఉంటాయి. తమిళనాడులోని కడలూరు జిల్లాలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఊరందరి మందులూ ఒకేచోట లాకర్లలో పెట్టించింది. రైతులు దానికి ఒప్పుకున్నారు. శ్రీలంక అతి విషపూరితమైన మందులను వరుసగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చావాలనిపించడానికి వెయ్యి కారణాలుండవచ్చు. కానీ మందు చేతికి అందకపోతే ఆ గంట గడుస్తుంది.

2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు పోయారు. అయినా ఏటా ఫలితాల రోజున మనం చెప్పేది 'ధైర్యంగా ఉండండి' అనే. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం అంటోంది. అయినా కేసు భయంతో చాలా ఇళ్లలో విషయం దాచేస్తారు. కడుపు కడిగించి, రెండ్రోజులు ఉంచి ఇంటికి తెచ్చేసుకుంటారు. ఇంటికొచ్చాక గడిచే ఆ కొన్ని వారాలే అన్నిటికంటే ప్రమాదకరం. డిశ్చార్జ్ కాగితాల్లో మందుల చీటీ ఉంటుంది, బిల్లు ఉంటుంది. వాటితోపాటు మనిషి తన చేత్తో రాసుకున్న ఈ పేజీ కూడా ఉండాలి. వారం తిరగకుండా ఆసుపత్రి నుంచి 'ఎలా ఉన్నావు?' అని ఒక ఫోన్ వెళ్లాలి.