డస్ట్‌బిన్ తర్వాత ఏం జరుగుతుందో పిల్లలకు చెప్పాలి

అక్టోబర్ 2 వచ్చిందంటే మన బడులన్నిటి నుంచీ ఒకే రకం ఫొటోలు వస్తాయి. పిల్లల చేతుల్లో కొత్త చీపుళ్లు, గ్లౌజులు, వెనకాల ఫ్లెక్సీ. మర్నాడు ఇంటర్వెల్ అయ్యేసరికి గ్రౌండ్ మళ్లీ మామూలే. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. చెత్త గురించి మనం వాళ్లకు చెప్పింది ఒక్కటే: కింద పడేయకు, డస్ట్‌బిన్‌లో వెయ్యి. అక్కడి నుంచి అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోతుందో చెప్పలేదు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

ప్రపంచ పౌరసత్వం అన్న మాట ఈ మధ్య విద్యారంగంలో తరచూ వినిపిస్తోంది. మనం చేసే పని దేశాల సరిహద్దులు దాటి ఇతరుల మీదా పడుతుందని తెలిసి మెలగడమే అది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7వ అంశంలో అది ఉంది. మన 2020 జాతీయ విద్యా విధానంలోనూ ఉంది. క్లాసులో దాన్ని చెప్పడానికి విదేశాల దాకా వెళ్లక్కర్లేదు. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ చాలు.

ఆ ప్యాకెట్‌ను చింపి లోపలి వైపు చూపించండి. వెండిలా మెరుస్తుంది. ప్లాస్టిక్ పొరలకు పలుచని అల్యూమినియం పూత వేస్తారు, చిప్స్ మెత్తబడకుండా. ఆ పొరలను విడదీయడం చాలా కష్టం కాబట్టి పాత సామాన్ల కొట్టులో దానికి రేటు ఉండదు. చెత్త ఏరుకునేవాళ్లు వాటర్ బాటిల్ తీసుకుని ప్యాకెట్‌ను అక్కడే వదిలేస్తారు. ఏడో తరగతి పిల్లల చేతికి సీసా, ప్యాకెట్ రెండూ ఇచ్చి, ఒకటి ఎందుకు అమ్ముడుపోతుందో, రెండోది ఎందుకు పోదో కనుక్కుని రమ్మంటే సైన్సు, లెక్కలు, సోషల్ మూడూ అందులోకే వస్తాయి.

ఆ తర్వాత మ్యాప్ తీయాలి. హైదరాబాద్‌లో నాలాలో పడిన ప్యాకెట్ మూసీలోకి చేరుతుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, చివరికి హంసలదీవి దగ్గర సముద్రం. పడిన ప్రతి ప్యాకెట్టూ అంత దూరం పోదు, చాలా వరకు దారిలోనే బురదలోనో తూముల్లోనో ఇరుక్కుంటుంది. దారి మాత్రం అదే. బంగాళాఖాతం ఒడ్డున మనతోపాటు శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్ కూడా ఉన్నాయి.

చెత్త ఓడలెక్కి కూడా దేశాలు దాటుతుంది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు రీసైక్లింగ్ డబ్బాలో శ్రద్ధగా వేసిన ప్లాస్టిక్‌లో ఎంతో భాగం ఏళ్ల తరబడి చైనాకు వెళ్లేది. 2018 మొదట్లో చైనా తలుపులు మూసేసింది. దాంతో ఆ చెత్త మలేసియా, వియత్నాం, థాయ్‌లాండ్ రేవులకు మళ్లింది. మన దేశం కూడా 2019లో ప్లాస్టిక్ చెత్త దిగుమతిని నిషేధించింది. ప్లాస్టిక్ కాలుష్యం మీద ప్రపంచ ఒప్పందం కోసం 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఏమీ తేలకుండానే ముగిశాయి. తయారీనే తగ్గించాలని కొన్ని దేశాలు, చెత్తను సరిగ్గా చూసుకుంటే చాలని మరికొన్ని దేశాలు పట్టుబట్టాయి. పదో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి డిబేట్ టాపిక్ ఏముంటుంది?

ఇక చీపురు సంగతి. జపాన్‌లో పిల్లలు రోజూ తమ క్లాసురూములు, వరండాలు తామే శుభ్రం చేసుకుంటారు. చాలా బడుల్లో టాయిలెట్లు కూడా. మనమూ అలా చేయాలని చాలామంది అంటారు. నాకూ ఇష్టమే, కానీ ఒక షరతు ఉంది. మన దేశంలో చీపురు ఎవరి చేతికిస్తారన్నది కులంతో ముడిపడిన విషయం. దళిత పిల్లలతో టాయిలెట్లు కడిగించారన్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఫీజు కట్టే బడిలో పిల్లాడు చీపురు ముట్టడు, సర్కారు బడిలో పేద పిల్లతో ఊడిపిస్తారు. శుభ్రం చేయడం శిక్ష కాకూడదు, ఎవరో కొందరి వంతు కాకూడదు. టీచర్లతో సహా అందరికీ వంతులు వేస్తేనే అది చదువు అవుతుంది. వీధిలోకి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలిని ఒకరోజు క్లాసుకు పిలిచి, కుర్చీ వేసి, ఆవిడ పని గురించి చెప్పించాలి. తడి చెత్తలో కలిసిన గాజుపెంకు చేతికి ఎలా దిగుతుందో ఆవిడ చెబితే తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఎందుకో పిల్లలకు అర్థమవుతుంది.

గువాహటి శివార్లలో 2016లో మొదలైన అక్షర్ బడి ఈ విషయంలో ముందుంది. చలికాలంలో అక్కడివాళ్లు వెచ్చదనం కోసం ప్లాస్టిక్ కాల్చేవారు, ఆ పొగ క్లాసుల్లోకి వచ్చేది. దాంతో ఇళ్లలోని ప్లాస్టిక్‌నే ఫీజుగా తెమ్మంది ఆ బడి. ఇంట్లో వాళ్ల అలవాటు మార్చే బాధ్యత పిల్లల చేతికి రావడం నాకు బాగా నచ్చింది.

మన బడుల్లో తేలిగ్గా మొదలుపెట్టగలిగింది లెక్క. ఒక వారం పాటు బడి చెత్తను విడివిడిగా తూచి నోట్‌బుక్‌లో రాయించాలి. పుట్టినరోజు చాక్లెట్ల కాగితాలు, జెండా పండుగకు తెచ్చే ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ పుల్లలు అన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో ప్లాస్టిక్ జెండాలు, బెలూన్లకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయని చాలా బడులకే తెలియదు. చిప్స్ ప్యాకెట్ ఆ జాబితాలో లేదు. కానీ 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్యాకింగ్ చెత్తను వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీలదే. మా బడిలో ఒక్క వారంలో మీ ప్యాకెట్లు ఇన్ని దొరికాయి, వీటిని ఎక్కడ ఇవ్వాలి అని పిల్లలు ప్యాకెట్ మీదున్న అడ్రసుకు ఉత్తరం రాయాలి. జవాబు వస్తే నోటీసు బోర్డు మీద పెట్టాలి, రాకపోతే మళ్లీ రాయాలి.