చదవని పుస్తకాలు చదవమని చెప్పే అన్నలకు

పొద్దున్నే పాకాల నుంచి అక్క ఫోన్. "రేయ్, పాపకి ఏందో పుస్తకాల పార్సిల్ వచ్చింది. బిల్లు చూసి మీ బావ ఇంటి పైకప్పు లేచిపోయేట్టు అరుస్తా ఉండాడు. నువ్వేనా కొనమన్నది?" అని. నేనెందుకు కొనమంటాను? ఆరా తీస్తే తేలింది ఇదీ. మొన్న తిరుపతిలో ఒక రిసెప్షన్లో బెంగళూరు అన్న ఒకాయన మా మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "సాఫ్ట్‌వేర్లో ఎదగాలంటే ఇవి చదవకుండా కుదరదమ్మా" అని ఒక లిస్టు వాట్సాప్ చేశాడంట. పాప బీటెక్ రెండో ఏడు. పది దాకా జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం. లిస్టు చూసి టెన్షన్ పడి, వాళ్ల నాయన ఫోన్లోంచి అందులో రెండు ఆర్డర్ పెట్టేసింది. మా బావది తోతాపురి మామిడి తోట. ధరల సంగతి మన జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

లిస్టు నాకూ పంపించింది. చూడగానే గుర్తుపట్టాను. మీరూ గుర్తుపడతారు. మన ఫీల్డులో పుస్తకాల లిస్టు ఉండేది ఒక్కటే, చేతులు మారుతూ ఉంటుంది. మొదట డొనాల్డ్ కనూత్ గారి ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్. తర్వాత అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ల స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్. తర్వాత వెయ్యి పేజీలు దాటిన ఆల్గరిథమ్స్ పుస్తకం, దాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంటే ఊపిరాడదు. ఆ పైన గోడెల్, ఎషర్, బాక్. 1979 నాటి పుస్తకం, పులిట్జర్ కూడా వచ్చింది, గొప్పదే. కానీ క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి తయారయ్యే పిల్లకి గణిత తర్కమూ బాక్ సంగీతమూ ఇప్పుడెందుకు సామీ? చివర్లో తెల్లారుజామున నాలుక్కి లేచి జీవితం మార్చుకోమనే పుస్తకం ఒకటి. కొండ మీద స్వామినే మూడింటికల్లా సుప్రభాతం పాడి లేపేసే ఊళ్లో, పొద్దున్నే లేవడానికి పుస్తకం కొనుక్కోవాలా!

ఉండబట్టలేక ఆ అన్నకి ఫోన్ చేశాను.

"అన్నా, పాపకి కనూత్ మొదటి సంపుటం చదవమన్నారంట?"

"అవును తమ్ముడూ. ప్రోగ్రామర్లకి అది బైబిల్."

"అందులో మిక్స్ అని ఒకటి వస్తుంది కదన్నా. అది పాపకి అర్థమవుతుందంటారా?"

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "అదే తమ్ముడూ, డేటాని మిక్స్ చేసే టెక్నిక్. ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తుంది" అన్నాడు.

మిక్స్ అనేది ఒక కంప్యూటర్ పేరు. కనూత్ తన పుస్తకం కోసం ఊహించుకున్న యంత్రం అది. లోపలి ప్రోగ్రాములు దాని అసెంబ్లీ భాషలోనే, అంటే యంత్రం ఆదేశాలకి దగ్గరగా ఉండే భాషలోనే రాశాడు. మొదటి అధ్యాయంలోనే వస్తుంది. అంటే మన అన్న ఆ బైబిల్లో మొదటి అధ్యాయం కూడా దాటలేదు. అయినా పెళ్లిలో పాయసం తాగుతూ పక్కవాళ్ల పిల్లలకి ప్రవచనం చెప్పేస్తాడు.

కనూత్ మీద నాకేం కోపం లేదు, ఎదురుపడితే కాళ్లకి మొక్కుతాను. 1962లో ఒక పుస్తకం రాద్దామని మొదలుపెట్టాడు, అది పెరిగి ఏడు సంపుటాల ప్రణాళిక అయింది. మొదటిది 1968లో వచ్చింది, నాలుగో దాంట్లో రెండో భాగం 2022లో వచ్చింది. ఇంకా రాస్తూనే ఉన్నాడు. పుస్తకంలో తప్పు పట్టుకుంటే 2008 దాకా 2 డాలర్ల 56 సెంట్లకి చెక్కు రాసిచ్చేవాడు, ఇప్పుడు దాని బదులు సర్టిఫికెట్టు ఇస్తున్నాడు. హెక్సాడెసిమల్ లెక్కలో, అంటే పదికి బదులు పదహారేసి చొప్పున లెక్కపెట్టే పద్ధతిలో, 256ని 100 అని రాస్తారు. అంటే వంద సెంట్లు, ఒక డాలరన్నమాట. ఆ చెక్కుని బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్లే ఎక్కువ. మన అన్నకి మాత్రం ఆ సర్టిఫికెట్టు కూడా ఈ జన్మలో రాదు. తప్పు దొరకాలంటే ముందు అట్ట తెరవాలి కదా.

నన్ను మండించింది ఇంకోటి. పాప డబ్బులు పెట్టి కొన్న రెండిట్లో ఒకటి ఆ ఎంఐటీ పుస్తకం. 1985 నాటిది. అందులో ప్రోగ్రాములు స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటాయి, పేజీ నిండా బ్రాకెట్లే. దాన్ని పాఠంగా చెప్పిన ఎంఐటీలోనే మొదటి కోర్సుని పైథాన్ అనే ఇంకో భాషకి మార్చేసి ఏళ్లవుతోంది. పైగా ఆ పుస్తకం మొత్తం ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది, ప్రచురించిన వాళ్లే పెట్టారు. దొంగ కాపీ కాదు, రాచబాట! లిస్టు పంపినాయన ఆ ఒక్క లింకు పంపి ఉంటే మా బావ నోరు లేచేది కాదు. పంపలేదు. ఆయనకి తెలియదు కాబట్టి పంపలేదు. ఆయనకి ఆ లిస్టు ఇంకెవరో పంపారు, వాళ్లకి ఇంకెవరో.

మా మేనేజర్ ఇంకో రకం. వీడియో కాల్లో ఆయన వెనక షెల్ఫులో ఫ్రెడ్ బ్రూక్స్ పుస్తకం, ది మిథికల్ మ్యాన్-మంత్, పేరు కనిపించేట్టు నిలబెట్టి ఉంటుంది. కొత్తగా టీమ్‌లో చేరిన ప్రతివాడికీ చదవమని చెప్తాడు. ఐబీఎం 360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ తయారీలో తిన్న ఎదురుదెబ్బల మీద 1975లో రాసిన పుస్తకం అది. అందులో అందరికీ తెలిసిన మాట ఒక్కటే: ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్త మనుషుల్ని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. మా ప్రాజెక్టు ఆలస్యమైంది. సారు ఏం చేశాడో మీరే ఊహించుకోండి. ఇప్పుడు కొత్తవాళ్లకి పని నేర్పడమే మా పని.

సరే, మంచి పుస్తకాలే లేవా అంటే ఉన్నాయి. మార్టిన్ క్లెప్‌మన్ రాసిన డిజైనింగ్ డేటా-ఇంటెన్సివ్ అప్లికేషన్స్, బోలెడంత డేటాతో నడిచే సాఫ్ట్‌వేర్ గురించి, 2017లో వచ్చింది. నేను నిజంగా చదివి, పనిలో వాడుకున్న పుస్తకం. దాని అట్ట మీద బొమ్మ ఏంటో తెలుసా? అడవి పంది. అదీ మన దేశపు అడవి పందే! శేషాచలం అంచు ఊళ్లలో చెనిక్కాయ వేసినోళ్లకి ఆ అట్ట చూపిస్తే పుస్తకాన్ని దుడ్డుకర్రతో కొడతారు. ఆ పుస్తకమైనా రెండేళ్లు ఉద్యోగం చేసి, ప్రొడక్షన్లో, అంటే జనం వాడుతున్న సిస్టమ్‌లో, డేటాబేస్ పడిపోయి, రాత్రంతా మేలుకున్నాక తెరిస్తే ప్రతి పేరా తలకెక్కుతుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ రాయడం ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లకి ఇస్తే ఏం అర్థమవుతుంది? ఆ అన్నలెవరూ ఎదుటి మనిషి ఎక్కడున్నాడో అడగరు. డాక్టరు కూడా ముందు నాలుక చాపమంటాడు, తర్వాతే మందు రాస్తాడు.

నిన్న మొన్నటి సంగతి కాదు, మన ఊరి ఉదాహరణలతో మొదలయ్యే పుస్తకం తెలుగులో రావాలని నాకు ఎప్పటినుంచో ఒక కోరిక. ఆన్‌లైన్లో 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలినప్పుడు జనం ఒకేసారి ఎగబడతారు కదా. ఒక స్లాట్లో చివరి టికెట్టుని చిత్తూరు నుంచి ఒకరు, చికాగో నుంచి ఒకరు అదే క్షణంలో నొక్కితే ఎవరికి దక్కాలి? డబ్బులు కట్ అయ్యాక నెట్ పోతే టికెట్టు ఉన్నట్టా, లేనట్టా? డేటాబేస్ పాఠాల్లో వచ్చే ట్రాన్సాక్షన్, లాకింగ్, క్యూ, అన్నీ ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నాయి. పాకాల పిల్లకి ఇది చెప్తే ఒక్క పూటలో పట్టేస్తుంది, వాళ్లింట్లో అందరూ ఆ టికెట్ల కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లే. ఇట్లా మొదలయ్యే పుస్తకం తెలుగులో ఎవరన్నా రాస్తే నేనే పది కాపీలు కొని పంచుతాను. రాయరు. ఇంగ్లీషు లిస్టు ఫార్వర్డ్ చేస్తే వచ్చే గౌరవం దీనికి రాదు కదా.

పుస్తకాలంటే నా మంట అసలు ఆ అన్నతో మొదలైంది కాదు. మా కాలేజీతో మొదలైంది. పేరు చెప్పను, చదివినోళ్లకి అర్థమవుతుంది. లైబ్రరీలోకి అడుగు పెట్టగానే ఎదురుగా అద్దాల బీరువాలు. అందులో సీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకం, 1988 నాటి రెండో ఎడిషన్, మూడు కాపీలు. మూడొందల పేజీలు కూడా ఉండదు. సీ నేర్చుకోవడానికి అంత శుభ్రమైన పుస్తకం ఇంకోటి లేదు. అడిగాను. లైబ్రేరియన్ సారు తల కూడా ఎత్తకుండా, "అవి కమిటీ వాళ్లు చూసేదానికి నాయనా" అన్నాడు. పుస్తకాలు ఇన్ని ఉండాలని ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ రూలు. అందుకని కొన్నారు, నంబరు వేశారు, ముద్ర కొట్టారు, తాళం వేశారు. ఒకసారి కమిటీ వస్తుందని మాతోనే బీరువాలు తుడిపించారు. అప్పుడు తెరిచి చూశాను. వెనక అట్టకి అంటించిన డ్యూ డేట్ కాగితం మీద ఒక్క తేదీ లేదు. తెల్లగా మెరిసిపోతోంది.

ఇక మాకు దిక్కు గేటు ఎదురుగా జిరాక్స్ షాపు. అదే పుస్తకం స్పైరల్ బైండింగు వేసి అమ్మేవాడు. కాపీల మీద కాపీలు తీసీ తీసీ ఎడమ అంచు తెగిపోయింది, ప్రతి లైన్లో మొదటి అక్షరం మాయం. ఐదో చాప్టర్లో పాయింటర్లు, అంటే మెమరీలో ఒక చోటి అడ్రసుని దాచుకునేవి, వస్తాయి. పాయింటర్‌కి గుర్తు నక్షత్రం, అది ముందు వస్తుంది. మా కాపీలో లైను మొదట్లో ఉండే నక్షత్రాలన్నీ అంచుతో పాటే పోయాయి. నక్షత్రాలు లేని పాయింటర్లు చదివి పాసైన బ్యాచ్ మాది! ఇంటర్వ్యూలో పాయింటర్ అడిగితే మా బ్యాచ్‌లో సగం మంది ఎందుకు తెల్లమొహం వేశారో ఆ హెచ్‌ఆర్ మేడాలకి ఏం తెలుసు. ఏటా లైబ్రరీ ఫీజు మాత్రం ముక్కు పిండి వసూలు చేశారు.

అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమలలో సంకీర్తన భండారంలో శతాబ్దాలు పడున్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి లాంటి పెద్దలు పూనుకుని చదివి, అచ్చు వేయించి జనంలోకి తెచ్చారు. మా కాలేజీ బీరువాకి ప్రభాకరశాస్త్రి ఇంకా పుట్టలేదు. మొన్న జూనియర్ ఒకడు ఫోటో పంపాడు. అదే బీరువా, అదే తాళం, అద్దం మీద కొత్తగా అక్రిడిటేషన్ గ్రేడు స్టిక్కరు.

అక్కకి ఫోన్లో చెప్పాను, అట్ట నలగకుండా పార్సిల్ వెనక్కి పంపెయ్యమని. ఎంఐటీది ఉచిత లింకు పాపకి పంపాను, ఎప్పుడైనా బుద్ధి పుడితే చూస్తుంది. నా సొంత సీ పుస్తకం, నక్షత్రాలన్నీ ఉన్నది, ఆదివారం పాకాల పోయి నేనే ఇస్తాను. ఇక ఈ పోస్టు కింద "బ్రో, ఈ పుస్తకం మర్చిపోయావ్" అని ఇంకో లిస్టు పెట్టబోయే పెద్దలకి ఒక మనవి. పుస్తకం పేరు పక్కనే మీరు ఆగిపోయిన పేజీ నంబరు కూడా రాయండి.