లేఆఫ్ అయినోళ్లకు ‘ఐదు సూత్రాలు’ అట

జడ్చర్ల, షాద్‌నగర్, చౌటుప్పల్ ఫార్మా గ్రూపులల్ల ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతున్నది. ఉద్యోగం పోయినోళ్లకు ఐదు సూత్రాలట. తీసేసిన్రని చెప్పకు, తారీఖులు కలిపేయి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కో, ఎవడూ చూడడు. పాత జీతం పెంచి చెప్పు. వచ్చిన ఆఫర్లన్నిటికీ ఊ అను. కంపెనీలకే లేని నీతి నీకెందుకు? పోలేపల్లి సెజ్‌ల క్యూసీ ల్యాబ్ (మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్) ఇంటర్వ్యూలప్పుడు టేబుల్‌కు అవతల కూసునేటోణ్ణి నేను. అక్కడి నుంచి చూస్తే ఇవి ఎట్ల కనబడ్తయో చెప్త.

మొదటిది, దాచిపెట్టుడు. ఏ కంపెనీల ఏ బ్లాక్ మూసిన్రో మాకు మీ రెజ్యూమె రాకముందే తెలుస్తది. ఈ లైన్ల అందరూ అందరికీ ఎరుకే. “ప్రొడక్ట్ ఆగింది, మా షిఫ్టు మొత్తం తీసేసిన్రు, మే నెల నుంచి ఖాళీగున్న” అంటే చాలు, మేం పని గురించిన ప్రశ్నలకు పోతం. తారీఖు సాగదీస్తే మాత్రం మాట అక్కడనే ఆగుతది. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీల ఏ కంపెనీల ఎప్పుడు చేరిన్రు, ఎప్పుడు బయటికొచ్చిన్రు అన్నీ ఉంటయి. అది చూసుకోవడానికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టేది కూడా మీరే.

రెండోదే అసలు ప్రమాదం. లెటర్ కొన్నరనుకుందాం, కాగితాల దగ్గర దొరకలేదనే అనుకుందాం. ల్యాబ్‌ల ఏం చేస్తరు? హెచ్‌పీఎల్‌సీ (మందుల ఏమేముందో, ఎంతుందో కొలిచే మిషన్) మీద పని చేసిన అన్నోళ్లను మేం అడిగేది సీదా ప్రశ్న: సిస్టమ్ సూటబిలిటీ, అంటే అసలు పరీక్షకు ముందు మిషన్ సరిగ్గ ఉందా అని చూసే చెకింగ్, ఫెయిలైతే ఏం చేస్తవ్? నిజంగ బెంచి మీద నిలబడ్డ పిల్ల అయితే సీక్వెన్స్ (వరుసగ నడిచే పరీక్షలు) ఆపుత, సూపర్‌వైజర్‌కు చెప్త, మిషన్‌ల కాలమ్, మొబైల్ ఫేజ్ అనే ద్రావణం చూస్త, జరిగింది జరిగినట్టు రాస్త అంటది. కొన్న లెటర్‌తో వచ్చినాయన “పాసయ్యేదాకా మిషన్‌ల మళ్లీ మళ్లీ ఇంజెక్షన్ వేస్త సార్” అంటడు. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) 2018 డిసెంబర్‌ల ఇచ్చిన డేటా ఇంటిగ్రిటీ (రికార్డులు నిజాయితీగ ఉంచుడు) మార్గదర్శకాలల్ల చేయొద్దన్నది సరిగ్గా ఇదే పని. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చిన్రో ఆడిట్ ట్రెయిల్‌ల (కంప్యూటర్ దానంతటదే రాసుకునే రికార్డుల) పడ్తది. లెటర్ మీద తారీఖు మార్చినోడు రేపు లాగ్‌బుక్‌ల మార్చడని మేమెట్ల నమ్మాలె? అసొంటి రాతలు ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌ల బయటపడితే ఫారం 483 (దొరికిన లోపాల లిస్టు) వస్తది, ముదిరితే వార్నింగ్ లెటర్, ఆ తర్వాత అమెరికాకు సరుకే బంద్ కావచ్చు. సరుకు ఆగితే బ్లాక్ మూస్తరు. అప్పుడు మళ్లీ రోడ్డున పడేది ఆ షిఫ్టుల ఉన్నోళ్లే, వాళ్లల్ల సరిగ్గ రాసినోళ్లు కూడా ఉంటరు. చట్టం సంగతి వేరే ఉండనే ఉంది: దొంగ పత్రం తయారు చేసుడు భారతీయ న్యాయ సంహిత 336 కిందికి, దాన్ని అసలుదని చూపుడు 340 కిందికి వస్తయి. అమ్మినోడు ఫోన్ స్విచాఫ్ చేసుకుంటడు, మీరు దొరుకుతరు.

జీతం విషయంల సగం ఒప్పుకుంట. పాత జీతం చెప్పాలన్న రూలేం లేదు. “నాకు ఇంత కావాలె” అని అడగండి, అది మీ హక్కు. చెప్పకపోవుడు వేరు, పే స్లిప్ దిద్దుడు వేరు. ఫారం 16 (జీతం, కోసిన పన్ను లెక్కతో కంపెనీ ఇచ్చే కాగితం) ఒకటుంటదని ఈ మెసేజ్ రాసినాయనకు ఎవరన్న చెప్తే బాగుండు.

ఆఫర్లంటరా, కంపెనీలు కూడా ఇచ్చిన ఆఫర్ వాపస్ తీసుకుంటయి కాబట్టి చేరేదాకా వెతుక్కోవడంల తప్పులేదు. చేరే రోజు ఫోన్ ఎత్తకపోవుడు తప్పు. రానని రెండు లైన్ల మెయిల్ కొడితే వెయిటింగ్‌ల ఉన్న ఇంకొకలకు ఆ కుర్చీ పోతది.

ఇగ ఐదోది. కంపెనీలు నీతిగ ఉన్నయని నేననను. తీసేసేది వాళ్లే, “నువ్వే రిజైన్ రాయి, లెటర్ మంచిగిస్తం” అనేదీ వాళ్లే. కని మీరు అబద్ధం చెప్పేది ఆ కంపెనీకి కాదు కదా. దెబ్బ తగిలేది అచ్చంపేట నుంచి వచ్చి నిజంగ రెండేండ్లు పని చేసిన పిల్లకు. మీ కొన్న నాలుగేండ్ల ముందు ఆమె రెండేండ్లు చిన్నగ కనబడ్తయి. పైగా అసొంటి లెటర్లు రెండు మూడు దొరికినంక మన దిక్కు నుంచి వచ్చే ప్రతి లెటర్‌నూ అనుమానంగనే చూస్తరు.

కోపముంటే పాత కంపెనీ మీదనే చూపియ్యండి. ఏడాది నిండిన వర్కర్‌ను తీసేయాలంటే కనీసం నెల నోటీసో దాని జీతమో ఇయ్యాలె, ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం పరిహారం కూడా ఇయ్యాలె. మేనేజర్లకు ఇది వర్తించదు, బెంచి మీద పని చేసేటోళ్లు తమకు వస్తదా రాదా అని లేబర్ ఆఫీసుల అడగాలె. రాజీనామా రాసిచ్చినంక ఆ డబ్బు అడుగుడు కష్టమైతది, అందుకే ఆ కాగితం మీద అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ఇంటర్వ్యూల “రాయమన్నరు, రాసిన” అనండి, అది కూడా నిజమే. గేటు దాటేముందు రిలీవింగ్ లెటర్, చివరి పే స్లిప్పులు తీసుకోండి, ఫారం 16 ఎప్పుడిస్తరో అడగండి. పీఎఫ్‌ల ఎగ్జిట్ తారీఖు వాళ్లు వేయకపోతే రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌ల మీరే వేసుకోవచ్చు.