చప్పుడుకు ఫ్లాట్ నంబరు కావాలి

రాత్రి పదకొండు దాటాక విశాఖపట్నంలో అపార్ట్‌మెంటు గోడలు నోరు విప్పుతున్నాయి. సీతమ్మధారైనా, ఎంవీపీ కాలనీ అయినా, మురళీనగరైనా, మధురవాడైనా ఫిర్యాదు ఒకటే. ఇంటిల్లిపాదీ పడుకున్నాక గోడలోంచి ‘ఢాం’ అని ఒక పెద్ద చప్పుడు, దాని వెంటే చిన్నవి రెండు మూడు. ఇంతటి ప్రజాసమస్య మీద ఏ నాయకుడూ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆఫీసు గాంధీ విగ్రహం దగ్గర దీక్షకు కూర్చున్నట్టు నేను వినలేదు. కాబట్టి ఈ బాధ్యత నాబోటి వ్యాసకర్తల నెత్తిన పడింది.

ముందే చెప్పేస్తున్నాను. ఈ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టడం కష్టం కాదు. కనిపెట్టాక దొరికేది మనిషి కాకపోవడమే మనకొచ్చిన కష్టం. తుప్పు పట్టిన ఇనప ముక్కను దోషిగా నిలబెట్టి ఎవరికేం లాభం? దానికి లిఫ్టులో ఎదురుపడి మొహం తిప్పుకోలేం. దాని పిల్లల పుట్టినరోజుకి వెళ్లకుండా ఎగ్గొట్టలేం. మెయింటెనెన్సు బాకీ ఉందని నోటీసు బోర్డుకి ఎక్కించలేం. అందుకే మన దర్యాప్తులన్నీ నిజం దగ్గరదాకా వెళ్లి, అక్కడి నుంచి గౌరవంగా వెనక్కి వస్తున్నాయి.

ఈ విషయంలో మన ఊరికున్న వసతి ఇంకో ఊరికి లేదు. వేరేచోట గోడ మోగితే దెయ్యమని సరిపెట్టుకుని నిమ్మకాయ కట్టుకుంటారు. ఇక్కడ అంత తేలిగ్గా కుదరదు. ప్రతి అపార్ట్‌మెంటులోనూ స్టీల్ ప్లాంటులో, పోర్టులో, షిప్‌యార్డులో, రిఫైనరీలో, నేవీలో రిటైరైన పెద్దమనుషులున్నారు. ఒక్కొక్కరి వెనక ముప్పయ్యేళ్ల అనుభవం, ముందు బోలెడు ఖాళీ సమయం.

మా అపార్ట్‌మెంటులో స్టీల్ ప్లాంటాయన, ఇనుము పగలు వేడికి సాగి రాత్రి ముడుచుకుంటుందని తేల్చారు. పోర్టాయన ఆ వాదనను పెదవి విరిచి కొట్టేసి, ఇది రేవులో ఖనిజం ఎత్తే యంత్రాల అదురన్నారు. రేవు మాకు అంత దగ్గర్లో లేదని ఎవరో అంటే, “మీకు తెలీదండీ, ఐరన్ ఓర్ అదురు మామూలు అదురు కాదు” అని కళ్లు మూసుకున్నారు. షిప్‌యార్డాయన వెల్డింగు లోపమన్నారు. గోడలో వెల్డింగే లేదు కదా అంటే, అదే లోపమన్నారు.

అందరికన్నా శాస్త్రీయంగా నడిచింది నేవీ ఆయనే. స్టీలు గ్లాసు బోర్లించి గోడకానించి, దాని అడుగుకి చెవి పెట్టి, రాత్రంతా విన్నారు. బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి మ్యూజియంగా నిలబెట్టుకున్న ఊరు మనది. నీళ్లలో చప్పుడు వినడం మన కుటీర పరిశ్రమ. తెల్లారేసరికి ఆయన నివేదిక ఇచ్చారు: “బేరింగ్ నార్త్ ఈస్ట్.” ఆ మాట కాఫీ తాగుతున్న వాస్తుగారి చెవిన పడింది. “ఈశాన్యమా! ఓవర్‌హెడ్ ట్యాంకు ఈశాన్యంలో పెట్టొద్దని నేను మొత్తుకోలేదూ?” అని లేచారాయన. ఆ పూట నుంచి మీటింగులు శబ్దం గురించి కాక ట్యాంకును నైరుతికి జరపడం గురించి సాగాయి.

ఇంతా చేసి గ్లాసుతో విన్న దిక్కు నమ్మదగ్గది కాదు. గాలిలో సెకనుకు 340 మీటర్లు వెళ్లే శబ్దం ఇనుములో సుమారు 5000 మీటర్లు పోతుంది. కాంక్రీటులోనూ గాలిలో కన్నా ఎన్నో రెట్లు వేగమే. సంపు దగ్గర పుట్టిన దెబ్బ గొట్టం వెంట, పిల్లర్ల వెంట పాకి, నాలుగో అంతస్తు పడకగదిలో మీ తలగడ వెనకే పుట్టినట్టు మోగుతుంది. అయితే ఈ సంగతి తెలిసినా ఒరిగేదేమీ లేదు. ఎందుకంటే చప్పుడు పైఫ్లాటువాళ్లదేనని మనకు ముందే తెలుసు. రెండో అంతస్తువాళ్లకు మూడో అంతస్తు దోషి, మూడుకి నాలుగు, నాలుగుకి ఐదు. ఐదో అంతస్తువాళ్లు ఆకాశం కేసి చూపిస్తారు. పట్టుదలగా ఈ వరసలోనే పోయినా ఎవరో ఒకరు డాబా మీదున్న ట్యాంకు దగ్గరికి చేరేవారు. కానీ ఏ సంసారీ తన పైఅంతస్తు దాటి ఆలోచించడు.

పైఫ్లాటులో అద్దెకున్నది పెళ్లికాని కుర్రాళ్లైతే ఇక విచారణ కూడా అక్కర్లేదు. మా దగ్గర అలాంటి కుర్రాళ్ల మీద పడ్డ అభియోగం, అర్ధరాత్రి రోట్లో కారం దంచుతున్నారని. పాపం వాళ్లింట్లో మిక్సీ కూడా లేదు. మూడు పూటలా ఆర్డరిచ్చుకునే తింటారు. “రోలు దాచేసుంటారు” అన్నారు కింద ఫ్లాటావిడ. రోలు దాచడమెలాగో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు అసలు ముద్దాయి, అంటే నీళ్ల గొట్టం, తరఫు వాదన కూడా వినాలి కదా. గొట్టంలో పరిగెత్తే నీటికి బరువుంది, ఊపుంది. ముందు దారి ఠక్కున మూసుకుపోతే, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర సిటీ బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు వెనకాలవాళ్లంతా కండక్టరు మీద పడ్డట్టు, నీళ్లన్నీ వచ్చి ఆ మూసిన తలుపు మీద పడతాయి. ఆ తాకిడి అలలా గొట్టంలో వెనక్కీ ముందుకీ తిరుగుతుంది. పెద్ద చప్పుడు వెంట చిన్నవి అందుకే. ఇంజనీర్లు దీన్ని వాటర్ హ్యామర్ అంటారు. రష్యాలో నికొలాయ్ ఝుకోవ్‌స్కీ అనే ఆయన 1897లో మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి, మర్నాడు ఎంత దెబ్బ పడుతుందో ఇవాళే లెక్కేసుకోగల సూత్రం రాసిపెట్టాడు. సెకనుకు మీటరు చొప్పున పోతున్న నీటిని ఇనప గొట్టంలో ఒక్కసారిగా ఆపితే, ఉన్న పీడనం మీద ఇంకో 12 వాతావరణాల పీడనం అదనంగా పడుతుంది. అయిదంతస్తుల ట్యాంకు బరువంతా కింది ఇంటి కుళాయి మీద ఉన్నా అది వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లే. ప్లాస్టిక్ గొట్టం కాస్త సాగి సర్దుకుంటుంది కాబట్టి అందులో దెబ్బ మూడో వంతుకి తగ్గుతుంది.

మరి ఆ తలుపు మూసేదెవరు? వాషింగ్ మెషిన్ లోపలి విద్యుత్ వాల్వు కన్ను మూసి తెరిచేలోగా మూసుకుంటుంది. మనం చేత్తో కుళాయి కట్టేటప్పుడు ఉండే తాపీతనం దానికి లేదు. ఫ్లష్ ట్యాంకులో అరిగిన ఫ్లోటు వాల్వు మూసుకోనా వద్దా అని టకటకలాడుతుంది. వీటన్నిటికీ అన్నగారు సంపు మోటారు పక్కనుండే నాన్ రిటర్న్ వాల్వు, ఎక్కిన నీటిని వెనక్కి రానివ్వకుండా మూసుకోవడమే దాని ఉద్యోగం. రాత్రి టైమరు మోటారుని ఆపగానే, ఐదంతస్తులు ఎక్కుతున్న నీరు ఒక్క క్షణం ఆగి కిందికి తిరుగుతుంది. అప్పుడు గానీ ఆ వాల్వుకి తన ఉద్యోగం గుర్తురాదు. ఇవన్నీ పగలూ జరుగుతాయి. పగలు ఆటోలు, కుక్కర్లు, టీవీ సీరియళ్లు ఉంటాయి కాబట్టి ఎవరికీ వినబడదు.

ఇదే దెబ్బతో ఫ్రాన్సులో జోసెఫ్ మాంగోల్ఫియర్, వేడిగాలి బెలూను ఎగరేసిన అన్నదమ్ముల్లో పెద్దాయన, 1796లో నీళ్లను మిట్టకి ఎక్కించాడు. ఆవిరి లేదు, యంత్రం తిప్పే మనిషి లేడు, నీరు తన తాకిడికి తానే పైకెక్కే పంపు అది. ఆయన పంపు పెట్టాడు. మేం మీటింగు పెట్టాం.

ఆ మీటింగులోనే పద్ధతైన పరీక్ష ఒకటి ప్రతిపాదనకొచ్చింది. రాత్రికో ఫ్లాటు చొప్పున గేట్ వాల్వు కట్టేస్తూ పోతే, ఏ రాత్రి చప్పుడాగితే ఆ ఫ్లాటే దోషి. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ల వాల్వు కట్టడానికి ప్రతి ఒక్కరూ ఒప్పుకున్నారు. ఒక్క మనిషి మాత్రం, అందరివీ కట్టినా చప్పుడు ఆగకపోతే అప్పుడెవరని అడిగాడు. ఆయన్ని తర్వాత మీటింగుకి పిలవలేదు.

చివరికి ప్లంబరుని పిలిచారు. కంచరపాలెం నుంచి వచ్చాడు, స్కూటీ మీద. అధ్యక్షుల వారి ఉపోద్ఘాతం సగంలో ఉండగానే గొట్టాలు పోయే డక్టు తలుపు తీసి లోపలికి దూరి, మోటారు గొట్టం మీద అరచెయ్యి వేసి, వాచ్‌మన్‌తో మోటారు ఆపమన్నాడు. ఢాం! గొట్టం వేలెడు మేర పక్కకి జరిగి గోడని కొట్టింది. టార్చి వేస్తే కనిపించింది. గొట్టాన్ని గోడకి పట్టి ఉంచాల్సిన క్లాంపు సగం చంద్రవంకలా వేలాడుతోంది. 2014లో హుద్‌హుద్ వచ్చి కిటికీల అద్దాలు ఎగరగొట్టినా బిగిసి నిలబడిన స్క్రూని, ఆ తర్వాతి ఉప్పుగాలి తాపీగా తినేసింది. వేలితో తాకితే ఎర్రటి పొడి రాలింది. రబ్బరు జాడే లేదు. గొట్టం తగిలేచోట గోడ సిమెంటు నున్నగా అరిగి మెరుస్తోంది.

“ఇదేనండి బాబూ. మోటారాగితే నీరు ఎనక్కొస్తాది, వాల్వు ధబేల్మని పడతాది, గొట్టం ఎళ్లి గోడని గుద్దుతాది. అంతే.”

“అంతే అంటే ఎలాగయ్యా? ఎవరివల్ల?” అన్నారు కోశాధికారి.

“ఎవలి వల్లేటి సార్? స్క్రూ పోనాది.”

ఆ జవాబు ఎవరికీ రుచించలేదు. ఐదో అంతస్తువాళ్లు ఊపిరి పీల్చుకోవడం చూసి నాలుగో అంతస్తువాళ్లకు మరీ కష్టమైంది. ఖర్చెంతన్నారు. రెండు క్లాంపులు, రబ్బరు, ఇష్టముంటే స్ప్రింగు రకం వాల్వు, గంట పని, మొత్తం వందల్లో తేలిపోతుందన్నాడు. కోశాధికారి మొహం మాడింది. అంత చవగ్గా పోయేదానికి ఇన్ని మీటింగులు, ఇన్ని బిస్కెట్లు ఎందుకయ్యాయని రేపు ఆడిటులో అడిగితే ఏం చెప్పాలి? పైగా మూడు కొటేషన్లు లేకుండా పని ఇవ్వడం బైలాలకు విరుద్ధం. స్టీల్ ప్లాంటాయన, పోర్టాయన జీవితంలో మొదటిసారి ఏకాభిప్రాయానికొచ్చి, కుర్రాడికి అనుభవం చాలదన్నారు. వివరంగా, సమగ్రంగా రాసి తెమ్మని పంపేశారు.

కుర్రాడు తెలివైనవాడు, ఊరి సంగతి ఎరిగినవాడు. వారం తిరక్కుండా నాలుగు పేజీల కొటేషన్ తెచ్చాడు. మోటారు లైను మొత్తం మార్పు, డక్టు పగలగొట్టి మళ్లీ కట్టడం, వాస్తుగారి తృప్తికి ట్యాంకు నైరుతికి తరలింపు, నేవీ ఆయన కోసం అంతస్తుకో ప్రెషర్ గేజి. మొత్తం లక్షల్లో తేలింది. చదివి వినిపిస్తుంటే సభ్యులు తలలూపుతూ విన్నారు, ఏకగ్రీవంగా ఆమోదించారు. నాలుగో పేజీ అడుగున, జీఎస్‌టీ లైనుకి పైన, చిన్న అక్షరాలతో ఇంకో ఐటెం ఉంది: రబ్బరుతో క్లాంపులు, రెండు.