సవరణ: బంగ్లాదేశ్‌లో కటిక పేదల్ని నిలబెట్టింది అప్పు కాదు

గ్రామీణ్ బ్యాంక్ చిన్న అప్పులే బంగ్లాదేశ్‌లో కటిక పేదల్ని కూడా నిలబెట్టాయని మొన్న రాశాను. అది తప్పు, క్షమించండి. పూట గడవని ఇంటికి అప్పిస్తే వారం తిరిగేసరికి కిస్తీ టెన్షన్, అందుకే వాళ్లలో చాలామంది ఆ బ్యాంకు అప్పులిచ్చే గ్రూపుల్లో చేరనే లేదు. వీళ్ల కోసమే బ్రాక్ అనే బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ 2002లో వేరే పథకం పెట్టింది: ఆవునో మేకల్నో ఉచితంగా ఇచ్చి, ఆకలికి వాటిని అమ్ముకోకుండా కొన్నాళ్లు ఖర్చులకు డబ్బు, పెంపకంలో శిక్షణ, ఇంటికొచ్చి కనుక్కునే మనిషి, ఇలా రెండేళ్లు. ఇదే పద్ధతిని మన దేశంతో సహా 6 దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిన ఏడాదికి కూడా చాలాచోట్ల ఆ ఇళ్లలో తిండి మెరుగ్గానే ఉంది. ఆ ఆరింటిలో ఒకటైన మధ్య అమెరికా దేశం హోండురస్‌లో మాత్రం ఇచ్చిన కోళ్లు రోగమొచ్చి చాలావరకు చనిపోయాయి.