ముఖం డాండ్రిడ్జ్‌ది, గొంతు ఇంకొకరిది

తెర మీద సావిత్రి పెదవులు కదుపుతుంటే సుశీల గొంతు వినిపించడం మనకు వింత కాదు. ఘంటసాల పాట లేని ఎన్టీఆర్‌ని ఊహించుకోలేని తరాలు ఉన్నాయి. అందుకే 1954 నాటి హాలీవుడ్ సినిమా ‘కార్మెన్ జోన్స్’లో నల్లజాతి హీరోయిన్ డోరతీ డాండ్రిడ్జ్ పాటలు వేరొకరు పాడారంటే మొదట నాకేమీ అనిపించలేదు. ఆమె, హీరో హ్యారీ బెలఫాంటే ఇద్దరూ అప్పటికే క్లబ్బుల్లో పాడి పేరు తెచ్చుకున్నవాళ్లని తెలిశాకే విషయం గుచ్చుకుంది. భానుమతి చేత వేరే గొంతుకు పెదవులు కదిపించి ఉంటే ఎలా ఉండేదో ఒక్కసారి అనుకోండి.

కథ మూలం 1875లో పారిస్‌లో మొదలైన ‘కార్మెన్’ ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం. స్వరాలు కట్టింది ఫ్రెంచి సంగీతకారుడు బిజే. స్పెయిన్‌లోని సెవిల్‌లో పొగాకు ఫ్యాక్టరీ జిప్సీ పిల్ల, ఆమె కోసం చెడిపోయిన సైనికుడు, ఎద్దులతో తలపడే వీరుడు. 1943లో పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టైన్ దీన్ని యుద్ధకాలపు అమెరికాకు తెచ్చి, అంతా నల్లజాతి నటులతో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్వే మీద ఆడించాడు. పొగాకు ఫ్యాక్టరీ పోయి పారాచూట్ ఫ్యాక్టరీ వచ్చింది, ఎద్దుల వీరుడు బాక్సర్ అయ్యాడు. దాన్నే ఓటో ప్రెమింజర్ సినిమాస్కోప్‌లో తీశాడు.

మాటలు మారాయి గానీ బిజే స్వరాలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. క్లబ్బు గొంతులు ఒపేరా స్థాయికి చాలవనుకున్నారు. బెలఫాంటేకి లెవర్న్ హచర్సన్ అనే నల్లజాతి గాయకుడు పాడాడు. డాండ్రిడ్జ్‌కి పాడింది మారిలిన్ హార్న్, ఇరవై ఏళ్ల తెల్లమ్మాయి. తర్వాత ఆమె ప్రపంచం మెచ్చిన ఒపేరా గాయని అయింది, కాబట్టి పాడటంలో లోపమేమీ లేదు. కానీ ఆ స్థాయిలో పాడగల నల్లజాతి స్త్రీ దొరకలేదా? బ్రాడ్వేలో ఇదే పాత్ర వేసిన మ్యూరియల్ స్మిత్ ఉంది కదా! 1952లో ‘మూలాన్ రూజ్’ సినిమాలో తెల్లజాతి నటి జా జా గబోర్‌కి పాట పాడింది ఆవిడే. అంటే తెల్ల తారకు నల్ల గొంతు, నల్ల తారకు తెల్ల గొంతు. అదే స్మిత్ 1956లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో బిజే కార్మెన్‌గానే పాడింది.

‘కార్మెన్ జోన్స్’లోనే మరో నటి పెర్ల్ బెయిలీ మాత్రం తన పాట తానే పాడుకుంది. డోలు గురించిన ఆ పాట దగ్గరే సినిమాకి ఊపిరి ఆడుతుంది.

ఇక యాస. హామర్‌స్టైన్ ‘దట్’, ‘ద’ అని పలకాల్సినచోట ‘డాట్’, ‘డి’ అని రాశాడు. దూరంగా కూర్చుని ఇంకొకరి పలుకుబడిని రాసిపెట్టడమంటే ఏమిటో మనకు తెలుసు. శ్రీకాకుళం యాసనీ తెలంగాణ యాసనీ ఏళ్ల తరబడి కమెడియన్లకీ రౌడీలకీ పంచిపెట్టిన పరిశ్రమ మనది. రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1955లో ఈ సినిమాని గట్టిగా దులిపేశాడు. తెల్లవాళ్లతో ఎదురుపడే అవసరమే రాని లోకాన్ని కట్టి, అందులో నల్లవాళ్లని పెట్టి తలుపేసినట్టుంటుంది. బడుల్లో జాతి విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది సినిమా వచ్చిన 1954 మే నెలలోనే మరి.

ఇంత చెప్పాక కూడా డాండ్రిడ్జ్‌ని చూడకుండా ఉండలేం. నడుము మీద చెయ్యి పెట్టి క్యాంటీన్‌లోకి నడిచొస్తే గొంతు ఎవరిదన్న సంగతే మరిచిపోతాం. ఉత్తమ నటి ఆస్కార్‌కి నామినేట్ అయిన తొలి నల్లజాతి మహిళ ఆమె. అవార్డు గ్రేస్ కెల్లీకి వెళ్లింది. ఆ తర్వాత డాండ్రిడ్జ్‌కి తగ్గ పాత్రలు పెద్దగా రాలేదు. 1965లో, 42 ఏళ్లకే పోయింది. ఆ అవార్డు ఒక నల్లజాతి నటికి దక్కడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది. హాలీ బెర్రీ వేదిక మీద డాండ్రిడ్జ్ పేరు తలుచుకుంది.

2005లో దక్షిణాఫ్రికాలో కార్మెన్‌ని మళ్లీ తీశారు. కేప్‌టౌన్ పక్కన ఖయెలిట్షా బస్తీ, ఖోసా భాష. ఆ సినిమా బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. కార్మెన్‌గా నటించిన పౌలీన్ మాలెఫానే పాటలన్నీ తనే పాడింది. వాటిని ఖోసాలోకి మార్చినవాళ్లలోనూ ఆమె ఉంది.