ఆ ఇన్‌సైడర్ మెసేజ్ ఇక పంపకండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఇప్పుడు ఒకే మెసేజ్ తిరుగుతోంది. నాకు స్నేహితులు పంపారు, బరంపురంలో ఉండే మా బావ పంపాడు. చివరికి పర్లాకిమిడిలో శుభలేఖలు వేసే ప్రింటింగ్ షాపాయన కూడా పంపి, "నిజమేనా అన్నా, వేసేయమంటావా?" అని అడిగాడు. అంతవరకు చూసి వదిలేశాను. ఆయన అడిగాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆయనకున్నది ఒకే ఒక్క కంప్యూటర్.

మెసేజ్ ఇదీ: "విండోస్ 10 పని అయిపోయింది. కొత్త కంప్యూటర్ కొనకండి. ఇన్‌సైడర్ ప్రోగ్రాంలో చేరి కొత్త విండోస్ టెస్ట్ వెర్షన్ వేసుకోండి. ఉచితం, లైసెన్స్ అక్కర్లేదు. ఎంత పాత కంప్యూటర్ అయినా నడుస్తుంది. అందరికంటే ముందు అప్‌డేట్లు వస్తాయి కాబట్టి వైరస్ భయం లేదు. నచ్చకపోతే ఒక్క బటన్ నొక్కితే పాత విండోస్ తిరిగొస్తుంది, ఏమీ పోదు. షాపువాళ్లు ఈ సంగతి దాస్తారు. పది మందికి పంపండి."

ఉచితం సంగతి ముందు తేల్చేద్దాం. ఇన్‌సైడర్ అంటే ఇంకా విడుదల కాని విండోస్‌ను ముందుగా వాడి పరీక్షించేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ నడిపే కార్యక్రమం. అందులో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ ఆ కంప్యూటర్లో అప్పటికే యాక్టివేట్ అయిన అసలు విండోస్ ఉండాలి. 2015లో విండోస్ 10 రాబోయే ముందు కూడా ఇదే పుకారు పుట్టింది. అసలు కాపీ లేనివాళ్లకు ఇది లైసెన్స్ ఇచ్చే దారి కాదని మైక్రోసాఫ్ట్ అప్పుడే చెప్పింది. టెస్ట్ వెర్షన్లన్నీ ఉచితంగానే వస్తాయన్నదీ తప్పే. 2000 సెప్టెంబర్‌లో ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. డబ్బిచ్చి కొన్నవాళ్లకు కూడా 2001 మే నెలలో దాని గడువు తీరిపోయింది.

ఎంత పాత కంప్యూటర్ అయినా నడుస్తుందట. నడవదు. కొత్త విండోస్ అంటే విండోస్ 11. దాని టెస్ట్ వెర్షన్‌కూ అదే టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి, అదే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) కావాలి, ఇంటెల్ అయితే అదే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. 2021లో ఒక్కసారి సడలింపు ఇచ్చారు. ఆ ఏడాది జూన్ 24 నాటికే ఇన్‌సైడర్‌లోని డెవ్ అనే టెస్ట్ ఛానెల్లో ఉన్న పాత యంత్రాలకు విండోస్ 11 బిల్డ్‌లు (టెస్ట్ కాపీలు) పంపించారు. అది కూడా అక్టోబర్‌లో విండోస్ 11 విడుదలయ్యేదాకానే. ఆ తర్వాత వాటిని మళ్లీ మొదటి నుంచి విండోస్ 10 ఇన్‌స్టాల్ చేసుకోమన్నారు. ఈ షరతులు తప్పించుకునే అడ్డదారులు ఉన్నాయి కానీ, అవి తెలిసినవాడికి ఈ మెసేజ్‌తో పనిలేదు.

మెసేజ్ రాసినవాడి కోపం మాత్రం న్యాయమైనదే, అది ఒప్పుకుంటాను. శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్ని ప్రాసెసర్ తరం పేరు చెప్పి పక్కన పెట్టమనడం అన్యాయం. మన ఊళ్లలో చిన్న షాపు నడిపేవాళ్లకు కొత్త కంప్యూటర్ అంటే నెలల తరబడి వాయిదాలు. కానీ ఆ కోపానికి విరుగుడు ఇది కాదు.

వైరస్ భయం లేదన్న మాట చూద్దాం. ముందు అప్‌డేట్ రావడమంటే ముందు మన దగ్గర పరీక్ష చేయడం. విండోస్ 10 వాడేవాళ్లకు భద్రతే కావాలంటే దానికి వేరే దారి ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2లో ఉన్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు బ్యాకప్ చేసుకుంటే వాటికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఇది ఎవరూ ఎందుకు ఫార్వర్డ్ చేయరు?

ఇంకో సంగతి ఉంది, జన సేవా కేంద్రాలు నడిపేవాళ్లు దయచేసి చదవాలి. ఇన్‌సైడర్‌లో చేరాలంటే ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా (కంప్యూటర్ వాడకం, లోపాల వివరాలు మైక్రోసాఫ్ట్‌కు పంపే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఏదైనా ప్రోగ్రాం క్రాష్ అయితే అప్పటి మెమరీ స్థితి మైక్రోసాఫ్ట్‌కు వెళ్లవచ్చు. అందులో మీరు తెరిచి ఉంచిన ఫైలు ముక్కలు అనుకోకుండా చేరవచ్చని వాళ్లే రాసి పెట్టారు. మీ తెర మీద తెరిచి ఉండేవి ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు. మీ ఒక్కరి ఇష్టంతో ఇచ్చేయడానికి అవి మీవి కావు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తున్నాను. "ఒక్క బటన్ నొక్కితే పాత విండోస్ తిరిగొస్తుంది, ఏమీ పోదు." మిగతావన్నీ నమ్మితే ఒక సాయంత్రం వృథా అవుతుంది. ఇది నమ్మితే బతుకుతెరువు ఆగిపోతుంది.

వెనక్కి వెళ్లే బటన్ ఉంది. కానీ అది మామూలుగా 10 రోజులే పనిచేస్తుంది. పాత విండోస్‌ను ఒక ఫోల్డర్లో దాచి ఉంచుతారు, గడువు దాటాక అదే చెరిగిపోతుంది. డిస్కులో చోటు లేదని మీరే క్లీనప్ చేస్తే ఇంకా ముందే పోతుంది. మెసేజ్ రాసినవాడు చెప్పని ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. టెస్ట్ ఛానెల్లో తరచూ కొత్త బిల్డ్ వస్తుంటుంది. అలా పూర్తి బిల్డ్ మారిన ప్రతిసారీ ఆ ఫోల్డర్లో ఉండేది అంతకు ముందటి టెస్ట్ బిల్డే, మీ పాత విండోస్ కాదు. రెండో బిల్డ్ పడ్డాక బటన్ నొక్కితే మీరు చేరేది మొదటి టెస్ట్ బిల్డ్‌కు. డెవ్, కానరీ అనే తొలిదశ టెస్ట్ ఛానెళ్ల నుంచి బయటపడాలంటే ఆ తర్వాత మిగిలే దారి అంతా తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే.

ఆ ప్రింటింగ్ షాపాయనకు తుడిచి వేయడం అంటే ఏమిటో చెప్తాను. ఆయన తెలుగు శుభలేఖలకు పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాడతాడు. ఒడియా పనికి ఆకృతి వాడతాడు. మాఘమాసం వస్తే ఇటు కాశీనగర్ నుంచి, అటు ఆంధ్రాలోని పాతపట్నం నుంచి కూడా పెళ్లివాళ్లు వస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ పాతది, సీడీ ఎక్కడుందో తెలియదు, ప్రింటర్ డ్రైవర్ ఎప్పుడో ఎవరో వేసి వెళ్లారు. ఎన్నో ఏళ్ల పాత కార్డుల ఫైళ్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. "తాతగారి పేరు మార్చి అదే డిజైన్ వేయండి" అని అడిగేవాళ్ల కోసం అవి కావాలి. పక్క సందులో వేలిముద్ర యంత్రంతో ముసలివాళ్లకు డబ్బులు తీసి ఇచ్చే కుర్రాడి సంగతీ అంతే. ఆ యంత్రం డ్రైవర్ కొత్త బిల్డ్‌లో పనిచేయకపోతే కొండ మీది ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్లాలి. ఒక్క బటన్ అని రాసినవాడు ఆ వరసలో నిలబడ్డవాళ్ల ముఖాలు ఎప్పుడైనా చూశాడా? చూసి ఉంటే ఆ వాక్యం రాసేవాడా?

గడువు సంగతి కూడా ఉంది. టెస్ట్ వెర్షన్లకు ఆగిపోయే తేదీ ముందే పెట్టి ఉంటుంది. 2009లో విండోస్ 7 బీటా వాడినవాళ్లకు జూలై 1 నుంచి ప్రతి రెండు గంటలకూ కంప్యూటర్ దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. ఆగస్టు 1తో గడువే ముగిసింది. ఆ బీటాలోనే విండోస్ మీడియా ప్లేయర్ కొన్ని ఎంపీత్రీ పాటల్లో మొదటి కొన్ని సెకన్లు కోసేసింది. ఏమీ పోదు అంటారా?

తుడిచి వేశాక ఇంకో చిక్కు. విండోస్ 11 కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. దాన్ని తెరిచే 48 అంకెల కీ ఆ ఖాతాలో ఉంటుంది. మన దగ్గర ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కుర్రాడు తన మెయిల్ ఐడీ వేసి వెళ్లిపోవడం మామూలే. ఆ కుర్రాడు విశాఖలో ఉద్యోగానికి వెళ్లాక కంప్యూటర్ కీ అడిగితే ఎవరిని పట్టుకుంటారు?

ఇంత చెప్పి, టెస్ట్ వెర్షన్లే వద్దని నేను అనడం లేదు. వాటి అవసరం మనకే ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అని కనిపించే ఒక తెలుగు అక్షరాల కూర్పు వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అప్పుడు దెబ్బ తిన్నది పూర్తయిన వెర్షన్. తర్వాత రాబోయే ఐఓఎస్ 11.3 బీటా వాడుతున్నవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చేదాకా మిగతావాళ్లు అవస్థ పడ్డారు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 కొత్త అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు చెరిపేసింది. అదీ పూర్తయిన వెర్షనే. కొందరు ఇన్‌సైడర్లు ముందే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో (లోపాలు రాసి, ఇతరులు రాసినవాటికి ఓటేసే మైక్రోసాఫ్ట్ యాప్) రాశారు, కానీ ఓట్లు పడక అవి అడుగున ఉండిపోయాయి. పూర్తయిన వెర్షన్ కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చని నేను చెప్పలేను.

అందుకే ఖాళీగా పడి ఉన్న రెండో కంప్యూటర్, అర్హత ఉన్నది, ఇంట్లో ఉంటే తప్పకుండా టెస్ట్ వెర్షన్ వేయండి. లేదా ఉన్నదాంట్లోనే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే ఒక ప్రోగ్రాంలా నడిచే మరో కంప్యూటర్) వేయండి. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు దీనికి సరిగ్గా సరిపోతారు. ఒకే పేజీలో తెలుగు, ఒడియా కలిపి టైప్ చేసి చూసేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఒత్తులు విరిగితే, కీబోర్డ్ మారకపోతే వెంటనే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాయండి. ఒకరు రాస్తే మిగతావాళ్లు ఓటేయండి.

షాపువాళ్లు దాస్తారన్నదానికి జవాబు ఒక్క వాక్యం చాలు: ఎవరైనా చూడగలిగేలా సెట్టింగ్స్‌లోనే ఉన్నదాన్ని ఎవరూ దాచలేరు.

ఇప్పటికే వేసేసినవాళ్లు ఈ రోజే ఒక పని చేయండి. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో రికవరీ తెరిచి, గో బ్యాక్ (అదే వెనక్కి వెళ్లే బటన్) ఇంకా పనిచేస్తోందో లేదో చూడండి. ఒక్క బిల్డే పడి, 10 రోజులు దాటకపోతే వెనక్కి వచ్చేయండి. దాటిపోయి, మీది బీటా లేదా రిలీజ్ ప్రివ్యూ ఛానెల్ అయితే, తర్వాతి వెర్షన్ విడుదల కాగానే ఇన్‌సైడర్ నుంచి తప్పుకునే ఎంపిక సెట్టింగ్స్‌లోని ఇన్‌సైడర్ ప్రోగ్రాం పేజీలో ఉంటుంది, అది ఆన్ చేయండి. డెవ్ లేదా కానరీ అయితే మీ సాఫ్ట్‌వేర్ సీడీలు, డ్రైవర్లు వెతికి పెట్టుకున్నాకే తుడవడం మొదలుపెట్టండి.